మీకు తెలుసా? ఉచిత జీబీలకూ గడువుంటుంది

ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచుకోవడానికి గూగుల్ 15 జీబీ ఉచితంగా ఇస్తోంది. మెగా 20, ఐక్లౌడ్ 5, వన్‌డ్రైవ్ 5, డ్రాప్‌బాక్స్ 2. ఎవరు ఎక్కువిస్తే వాళ్ల దగ్గర ఖాతా తెరిచేయడం మనవాళ్ల లెక్క. కానీ ఈ అంకెలు ఎప్పుడూ ఇలాగే లేవు. వన్‌డ్రైవ్‌కి స్కైడ్రైవ్ అని పేరున్న రోజుల్లో 25 జీబీ ఇచ్చేవారు. 2012లో కొత్తగా చేరేవారికి దాన్ని 7కి తగ్గించారు, తర్వాత 15కి పెంచారు, 2016లో 5కి దించారు. మెగా 2013లో 50 జీబీతో మొదలైంది. అదే ఏడాది ఏకంగా ఒక టెరాబైట్ ఇచ్చిన ఫొటోల సైటు ఫ్లికర్, 2018లో మాట మార్చింది: ఉచిత ఖాతాలకు ఇకపై వెయ్యి ఫొటోలే, మిగతావి దించుకోండి, లేదంటే తీసేస్తాం అంది. వన్‌డ్రైవ్ కోత సంగతి ఇంకా గమ్మత్తు. జనం గోల చేస్తే, పాత 15 జీబీ ఉంచమని గడువులోగా అడిగినవారికి ఉంచారు. అడగనివారికి పోయింది. ఇలాంటి కంపెనీల ఈమెయిళ్లను తెరవకుండానే చెరిపేసేవారు కాస్త ఆలోచించుకోవాలి.

గూగుల్ ఇచ్చే 15 జీబీ అంతా డ్రైవ్‌దే అనుకుంటారు చాలామంది. కాదు, అది జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ అనే ముగ్గురు అన్నదమ్ముల ఉమ్మడి గాదె. ఒకరు ఎక్కువ తోడుకుంటే మిగతా ఇద్దరూ పస్తే. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇప్పుడు నాలుగో వాటాదారు కూడా చేరాడు. 2018 నుంచి కొన్నేళ్లపాటు వాట్సాప్ బ్యాకప్ ఈ లెక్కలోకి వచ్చేది కాదు. 2023 డిసెంబరు నుంచి దశలవారీగా అదీ కలిపేశారు. రోజూ పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు, బంధువుల గ్రూపులో తిరిగే వీడియోలు మన బ్యాకప్‌లోకి ఎక్కితే ఆ గాదెలోవే తింటాయి. ఆ 15 జీబీ అయిపోయాక ఆగేది ఫొటోలు ఎక్కడం ఒక్కటే కాదు, జీమెయిల్‌కి ఉత్తరాలు రావడమూ ఆగిపోతుంది. ఇంటర్వ్యూ పిలుపు, బ్యాంకు స్టేట్‌మెంటు, రైలు టికెట్టు పంపినవారికే వెనక్కి పోతాయి.

అప్పుడు అందరూ చేసే పని పాత ఫొటోలు చెరపడం. అది చాలాసార్లు దండగ. 2021 జూన్ 1కి ముందు ‘హై క్వాలిటీ’ పేరుతో గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కించినవి అసలు లెక్కలోనే లేవు. వాటిని తీసేస్తే జ్ఞాపకాలు పోతాయి తప్ప చోటు రాదు. వీడియోల మీద పడండి. ఫోన్‌లో తీసిన 4కే వీడియో నిమిషానికి రమారమి 170 నుంచి 400 ఎంబీ దాకా మింగుతుంది. పెళ్లిలో జీలకర్ర బెల్లం దగ్గర మొదలుపెట్టి ఆపకుండా తీస్తే తలంబ్రాలు అయ్యేలోపే 15 జీబీ నిండిపోవచ్చు.

ఫోన్‌లో చెరిపినా క్లౌడ్‌లో ఉంటుందిలే అన్న ధీమా అన్నిటికంటే ప్రమాదకరం. డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటివి ప్రధానంగా చేసేది సింక్. ఇక్కడేం జరిగితే అక్కడా అదే జరుగుతుంది. సింక్ అవుతున్న ఫోల్డర్‌లో ఫైలు చెరిపితే అక్కడా చెరుగుతుంది. కంప్యూటర్‌లోకి వైరస్ దూరి ఫైళ్లను పాడుచేస్తే ఆ పాడైనవే పైకి ఎక్కుతాయి. గూగుల్ ఫొటోస్‌లో ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కితే అప్పటికే బ్యాకప్ అయిన ఫొటోలు ఫోన్‌లోంచి మాత్రమే పోతాయి. మామూలు డిలీట్ నొక్కితే రెండు చోట్లా పోతాయి. పక్కపక్కనే ఉన్నట్టుండే ఈ రెండిటి తేడా తెలియక పిల్లల చిన్నప్పటి ఫొటోలు పోగొట్టుకున్న ఇళ్లు తక్కువేం కాదు. చెరిపినవి వెనక్కి తెచ్చుకోవడానికి ఫొటోస్ ట్రాష్‌లో 60 రోజులు, డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు గడువు.

వాడకుండా వదిలేసినా ముప్పే. రెండేళ్లు ముట్టని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాకి 12 నెలలు దాటితే చాలు, మూసేసే హక్కు ఆ కంపెనీ తన దగ్గర ఉంచుకుంది. అబ్బాయి అమెరికా వెళ్తూ నాన్నగారి పేరున ఖాతా తెరిచి కాగితాలన్నీ ఎక్కించి పోతాడు. పాస్‌వర్డ్ ఏమిటో ఇక్కడెవరికీ తెలియదు. ఇలాంటి ఇళ్ల కోసం గూగుల్‌లో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అనే ఏర్పాటుంది. ఖాతా 3 నుంచి 18 నెలలపాటు కదలకపోతే మనం ముందే చెప్పిన వారికి, గరిష్ఠంగా పది మందికి, కబురు వెళ్తుంది; మనం అనుమతించిన ఫైళ్లను వాళ్లు దించుకోవచ్చు.

ఫైళ్లు దాచే సేవే మూతపడితే? ఉబుంటు వన్ 2014లో, ‘కాపీ’ అనే సేవ 2016లో, అమెజాన్ డ్రైవ్ 2023 చివరిలో మూతపడ్డాయి. వీళ్లంతా ముందే చెప్పి, దించుకోవడానికి సమయమిచ్చారు. మెగాఅప్‌లోడ్ అనే ఫైళ్ల సైటు విషయంలో ఆ భాగ్యం కూడా లేదు. 2012 జనవరి 19న కాపీరైట్ కేసులో అమెరికా అధికారులు దాన్ని మూయిస్తే, పైరసీతో సంబంధం లేని మామూలు జనం సొంత ఫైళ్లూ అందకుండా పోయాయి. సరిగ్గా ఏడాదికి అదే తేదీన, మెగాఅప్‌లోడ్‌ను స్థాపించిన కిమ్ డాట్‌కామే మెగాను ప్రారంభించారు. మెగాలో ఫైళ్లు మన దగ్గరే తాళం పడి వెళ్తాయి కాబట్టి కంపెనీవారు కూడా తెరిచి చూడలేరు. పాస్‌వర్డూ రికవరీ కీ రెండూ పోతే మాత్రం ఎవరూ తెరిపించలేరు. ఆ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టాల్సిందే.

మన ప్రభుత్వం నడిపే డిజీలాకర్‌లోనూ 1 జీబీ ఉంటుంది. అందులోకి నేరుగా ప్రభుత్వ శాఖ నుంచి వచ్చిన లైసెన్సుకి అసలు పత్రంతో సమానమైన చెల్లుబాటుంది. మనం స్కాన్ చేసి ఎక్కించిన దానికి అది రాదు. కాలేజీ ఇచ్చిన మెయిల్‌లో బోలెడు చోటుందని అన్నీ అక్కడే పెట్టే విద్యార్థులకూ ఒక మాట: చదువయ్యాక ఆ ఖాతా ఉంచాలా తీసేయాలా అన్నది కాలేజీ ఇష్టం.

మరి ఏది ఎంచుకోవాలి? నన్నడిగితే, పెద్ద చోటు కోసం వెతకడమే పొరపాటు. స్కాన్ చేసిన పేజీ ఒక ఎంబీ వేసుకున్నా, డ్రాప్‌బాక్స్ వారి 2 జీబీలో 2 వేల పేజీలు పడతాయి. టెన్త్ మెమో, పాసుపుస్తకం, బీమా పత్రాలు, తాతగారి పాత ఫొటోలు అన్నీ కలిపినా సామాన్యుల ఇంట అంత ఉండవు. కాబట్టి మళ్లీ సంపాదించలేని వాటిని రెండు వేర్వేరు కంపెనీల ఉచిత ఖాతాల్లో పెట్టండి. పెళ్లి వీడియోలకు హార్డ్‌డిస్కే గతి. అదీ రెండు కొని, ఒకటి వేరే ఇంట్లో ఉంచాలి. అన్నీ ఎక్కించాక ఇంకొకరి కంప్యూటర్‌లో మీ ఖాతా తెరిచి, ఒక ఫైలు దించి చూడండి. చూశాక లాగవుట్ చేయడం మాత్రం మరవకండి.