స్పీడ్ టెస్ట్ అంకెలు: అపోహలు – వాస్తవాలు

మొబైల్ ఇంటర్నెట్ వేగాన్ని కొలిచే యాప్ తెరపై చూపే అంకే ఆ కనెక్షన్ అసలు వేగమన్నది అన్నిటికంటే బలంగా పాతుకుపోయిన అపోహ. ఊక్లా స్పీడ్‌టెస్ట్ వంటి యాప్‌లు ఫోన్ నుంచి సంకేతం వెళ్లి తిరిగిరావడానికి తక్కువ సమయం పట్టే సర్వర్‌ను సాధారణంగా ఎంచుకుంటాయి. అది తరచూ దగ్గరి నగరంలోనో, టెలికాం సంస్థ సొంత నెట్‌వర్క్‌లోనో ఉంటుంది. పైగా అవి ఒకేసారి పలు కనెక్షన్లు తెరిచి, కొన్ని సెకన్లపాటు వీలైనంత డేటాను లాగుతాయి. అదే ఫోన్‌లో విదేశీ సర్వర్ నుంచి ఒకే కనెక్షన్ మీద ఫైలు డౌన్‌లోడ్ చేస్తే, డేటా అందినట్టు కబురు ప్రతిసారీ అంత దూరం వెనక్కి వెళ్లాలి కనుక, వేగం బాగా తగ్గవచ్చు. నెట్‌ఫ్లిక్స్ 2016లో ప్రారంభించిన ఫాస్ట్ డాట్ కామ్ ఆ సంస్థ వీడియోలను అందించే సర్వర్ల నుంచే కొలుస్తుంది. కాబట్టి రెండు పరీక్షల ఫలితాలు కలవనంత మాత్రాన ఒకటి అబద్ధమని కాదు, అవి కొలిచిన దారులు వేరు.

100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబైట్లని భావించడమూ పొరపాటే. అక్కడ లెక్క బిట్లలో ఉంటుంది. 8 బిట్లు ఒక బైటు కనుక, సెకనుకు దిగేది 12.5 మెగాబైట్లే.

సిగ్నల్ గీతలు నిండుగా ఉంటే నెట్ వేగంగా ఉండి తీరాలన్న నమ్మకాన్ని కొంత వివరంగా పరిశీలించాలి. గీతలు చెప్పేది టవర్ సంకేతం ఎంత బలంగా చేరుతోందన్నది మాత్రమే. ఎంత బలానికి ఎన్ని గీతలు చూపాలన్న ఉమ్మడి ప్రమాణం లేనందున, పక్కపక్కనే ఉన్న రెండు ఫోన్లు వేర్వేరుగా చూపవచ్చు. సంకేతం బలంగా ఉన్నా, ఇతర టవర్ల సంకేతాలు అడ్డుతగిలితే వేగం పడిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, ఒక టవర్ సామర్థ్యాన్ని దాని పరిధిలో ఆ క్షణాన నెట్ వాడుతున్నవారంతా పంచుకుంటారు. హైదరాబాద్ అమీర్‌పేటలా హాస్టళ్లు కిక్కిరిసిన చోట తెల్లవారుజామున కొలిచిన వేగం రాత్రి తొమ్మిదింటికి అందుతుందని ఆశించలేం. అందుకే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్‌తో కొలిచినా, మరొకదానితో కొలిచినా, వేర్వేరు వేళల్లో కొలిచి, వాటిలో అత్యధికాన్ని కాక మధ్యస్థ విలువను లెక్కలోకి తీసుకోవాలి.

డౌన్‌లోడ్ వేగం ఎక్కువైతే వీడియో కాల్ కూడా సాఫీగా సాగుతుందన్న మాట సగమే నిజం. కాల్‌కు కావలసిన వేగం కొద్ది ఎంబీపీఎస్‌లే. దానికి ప్రధానంగా కావలసింది తక్కువ లేటెన్సీ, అంటే సంకేతం వెళ్లి తిరిగిరావడంలో జాప్యం స్వల్పంగా ఉండడం. ఫోన్ ఒకవైపు ఫొటోలను బ్యాకప్ చేస్తుంటే అప్‌లోడ్ డేటా బారులు తీరి, ఆ వెనుక మాటల డేటా చిక్కుకుని, గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. అందువల్ల నెట్ ఖాళీగా ఉన్నప్పటి పింగ్‌తో (ఆ జాప్యపు కొలతతో) పాటు, డౌన్‌లోడ్, అప్‌లోడ్ జరుగుతున్నప్పటి పింగ్‌నూ చూడాలి. ఊక్లా యాప్ ఈ మూడింటినీ చూపుతుంది. చాలామంది చూడకుండా దాటేసే ఈ అంకెలే కాల్ నాణ్యతను ఎక్కువగా పట్టిస్తాయి.

ఎన్నిసార్లు పరీక్షించినా ఖర్చేమీ ఉండదన్నది మరో భ్రమ. 300 ఎంబీపీఎస్ వేగంతో పది సెకన్లు సాగిన డౌన్‌లోడ్ పరీక్షకే సుమారు 375 మెగాబైట్లు ఖర్చవుతాయి. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాక్‌లో అలాంటివి నాలుగు చేస్తే కోటా అయిపోతుంది; ఆ తరువాత అనేక ప్యాక్‌లలో వేగాన్ని 64 కేబీపీఎస్‌కు కుదిస్తారు కనుక, అయిదో పరీక్ష చూపేది టవర్ లోపాన్ని కాదు, ప్యాక్ విధించిన పరిమితిని.