బండి వేపుడు – ఇంటి పొయ్యి

హైదరాబాదునుండి విజయవాడకు బోవు రాజమార్గము మా సూర్యాపేట మీదుగను, కోదాడ మీదుగను సాగుచున్నదని మీరెఱుగుదురు. దీపములు పెట్టు వేళకు ఆ మార్గము ప్రక్కను నాలుగు చక్రముల బండ్లు వచ్చి నిలుచును. ఎఱ్ఱని పలకమీద పసుపుపచ్చని యక్షరములతో ‘చైనీస్ ఫాస్ట్ ఫుడ్’ అని వ్రాసియుండును. వ్రాసిన వానికిగాని, వండువానికిగాని, తినువానికిగాని చీనాదేశ మేదిక్కున నున్నదో తెలియవలసిన పనిలేదు. మూకుడు క్రింద మంట గుప్పున లేచును; గరిటె ఇనుమును తాకి ఖణేలుమనును; వెల్లుల్లి వాసన వీధి చివరవఱకు వచ్చి పిలుచును. ఇంట అన్నము వండి కూర్చున్న తల్లులకు ఆ వాసనకంటె బలమైన సవతి లేదు.

ఈ వ్యాసము ఆ బండి వేపుడును గూర్చినది. మాంసమును కూరగాయలను సన్నగా తఱిగి, పెద్దమంటమీద క్షణములలో వేపి, నల్లని సోయా సాసు తగిలించి దింపెడి పదార్థమది. దానిని ఇంట వండనేర్చితిమి. నేర్చుటకు కారణము మాత్రము రుచి కాదు.

మా పెద్దవాడు కోదాడలో ఇంజనీరింగు చదువుచు వసతిగృహమున నున్నాడు. గడచిన వర్షాకాలమున జ్వరముతోను కడుపునొప్పితోను ఇల్లు చేరినాడు. వైద్యుడు పరీక్షించి, బయటి తిండి కొంతకాలము మానవలెనని చెప్పెను. పదునైదు దినములు వాడు మా కన్నులయెదుట నుండెను. ఆ పదునైదు దినములలో మాతో కూర్చుండి వాడు కడుపునిండ తిన్న పూట ఒక్కటియు లేదు. పప్పు పెట్టిన పప్పును, చారు పోసిన చారును చూచి లేచిపోయెడివాడు. ఒకనాటి రాత్రి వంటయింటి గడపమీద కూర్చుండి, మెల్లగా, “అమ్మా, నేను అక్కడ రోజూ తినేది కోడి కాదు, పెద్దకూర. నాన్నకు చెప్పకు” అనెను.

మాది మేకమాంసము, కోడిమాంసము తినెడి యిల్లు. పెద్దమాంసము మా గడప ద్రొక్కలేదు. అట్లని దానిని హీనముగా జూచు తలంపు మాకు లేదు. మన జిల్లాలలో అనేక గృహములలో పెండ్లికిని పండుగకును అదియే విందు. ఈ పత్రిక చదువు సోదరీమణులలో ఆ యిండ్లవారు లేకపోరు. ఎవరి కంచములోనిది వారిది. చట్టము మాట కూడ నొకటి చెప్పవలెను. 1977వ సంవత్సరపు శాసనము గోవును, దూడలను వధించుట నిషేధించినది. కావున మన యంగళ్లలో పెద్దమాంసమన్నది తఱచుగా దున్న, గేదె మాంసమే. ఆంగ్లమున బీఫ్ అని పలకమీద వ్రాయుటచేత వినువారికి వేఱుగా దోచును.

మమ్ములను నొప్పించినది వాడు తిన్నది కాదు. దాచుట. రెండేండ్లుగా వాడు సెలవులకు వచ్చినపుడెల్ల మాకు అబద్ధము చెప్పి, మా కంచములోని అన్నమును పరాయివానివలె కెలికి లేచుచున్నాడని తెలిసినపుడు మాకు నిద్ర పట్టలేదు. అదియు చాలదన్నట్లు మా అత్తగారు ప్రక్కగదిలో మేల్కొనియే యున్నారు. తెల్లవారి, “కోడలా, వాడు ఏం తిన్నడో నాకు చెవుల పడ్డది. నా పొయ్యి మీదికి మాత్రం అది రావద్దు” అని చెప్పి తమ జపమున కూర్చుండిరి. వారి మాట వారిది. వారి వయస్సునకు అది చెల్లును.

ఇంటి భోజనమును విడిచి వీధి భోజనమునకు బోవుట ఈనాటి కుఱ్ఱవాండ్రు కనిపెట్టినది కాదు. వినుకొండ వల్లభరాయని పేరనున్న క్రీడాభిరామము చదివిన వారికి, కాకతీయుల ఓరుగంటిలో ఒక్క రూకకు కమ్మని భోజనము పెట్టెడి పూటకూటియిల్లు తెలియును. అప్పుడును తల్లులు ఇంట అన్నము వండి ఎదురుచూచియే యుందురు. ఇక ఈ చైనా వంట మనదేశమునకు దిగిన త్రోవ కలకత్తా. 18వ శతాబ్ది చివరినుండి అచ్చట చీనీయులు కాపురముండిరి. వారి వంట మన మసాలాతో వియ్యమందినది. ఇప్పుడు ఊరూర వినబడు మంచూరియాను 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అను కలకత్తా చీనీయుడు కల్పించెనని చెప్పుదురు. మంచూరియాదేశమున దాని నెఱిగినవారు లేరు.

మా వాడకట్టున ఒక ముస్లిము సోదరి యున్నది. ఆమె భర్తయు మా వారును ఒకే పాఠశాలలో ఉపాధ్యాయులు. మేము ఆమెను ఆపా అని పిలుతుము. ఆమె యింట మాంసము మెత్తబఱచుటలో చేయితిరిగినవారు మూడుతరములనుండి యున్నారు. మేము పోయి ఉన్నమాట చెప్పితిమి. ఆమె నవ్వలేదు, జాలిపడలేదు. “రేపు శుక్రవారం కాదు, శనివారం రా చెల్లె. పిల్లగాన్ని తోలుకరా. వాడే రుచి చెప్తడు” అనెను. వంట ఆమె పొయ్యిమీద, మాంసము ఆమెది, కూరగాయలు మావి. ఇట్లు అత్తగారి మాటకు భంగము రాలేదు.

మొదట మాంసము సంగతి. వెన్నెముక క్రిందనుండు మెత్తని కండ అర్ధకిలో తీసికొనవలెను; అది దొరకనిచో తొడకండ. కొవ్వును పొరను తీసి, మంచుపెట్టెలో ఒక గంటసేపుంచిన గట్టిపడి కత్తికి లొంగును. పిమ్మట కండలోని పోగులు ఏవైపునకు పాఱుచున్నవో చూచి, వానికి అడ్డముగా రూపాయి బిళ్ల మందమున తఱుగవలెను. ఈ యొక్క మాట మఱచిన తక్కినదంతయు వృథా. పోగు వెంట కోసిన ముక్క నోట త్రాడువలె సాగును. అడ్డముగా కోసినచో పోగు పొట్టియై పంటికి తేలికగును.

బండివాండ్రు మాంసమును మెత్తచేయుటకు తినుసోడా వాడుదురు. సోడా క్షారము, మాంసమున కది తగిలినచో వేడికి కండ ముడుచుకొని నీరు విడుచుట తగ్గును. అర్ధకిలోకు పావు చెంచా చాలు. పదునైదు నిమిషములుంచి నీళ్లతో బాగుగా కడిగి గుడ్డతో అద్దవలెను. కడుగనిచో సబ్బు రుచి వచ్చును. ఆపా మాత్రము సోడాను ముట్టలేదు. పచ్చి బొప్పాయి తొక్కుతోసహా నూఱి ఒక చెంచా ముద్ద పట్టించి అరగంట యుంచెను. హైదరాబాదు పచ్చిమాంసపు బిరియానీ రహస్యమిదే. బొప్పాయిపాలలో మాంసమును జీర్ణించు గుణము గలదు. గంట దాటెనా, ముక్క పేస్టగును. గేదెమాంసమునకు మాకు బొప్పాయియే మేలని తోచినది. ఆ తరువాత ఒక చెంచా సోయా సాసు, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, ఒక చెంచా నూనె కలిపి ప్రక్కనుంచవలెను. కార్న్‌ఫ్లోరనగా రొట్టెలు చేయు మొక్కజొన్నపిండి కాదు, తెల్లని గంజిపిండి. అది ముక్కకు పలుచని చొక్కా తొడిగినట్లు నిలిచి రసమును లోపల నాపును.

కూరగాయలు: ఉల్లిగడ్డ ఒకటి, క్యారట్ ఒకటి, బీన్సు పదునైదు కాయలు, క్యాప్సికం ఒకటి, క్యాబేజీ పిడికెడు, ఉల్లికాడలు ఒక కట్ట. అన్నియు వ్రేలు పొడవున సన్నగా తఱిగి, తడి లేకుండ ఆరనీయవలెను. వేఱొక గిన్నెలో రెండు పెద్దచెంచాల సోయా సాసు, ఒక చిన్నచెంచా సిర్కా, అర చెంచా చక్కెర, మిరియపుపొడి, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్, నాలుగు పెద్దచెంచాల నీరు కలిపియుంచవలెను. సోయా సాసులోనే ఉప్పు హెచ్చు. వేఱు ఉప్పు చివర రుచి చూచియే వేయవలెను. పొయ్యి వెలిగించిన పిమ్మట తఱుగుటకుగాని వెదకుటకుగాని వ్యవధి యుండదు.

ఇక మా తప్పు వినుడు. మొదటి వాయి ఆపా మా చేతికిచ్చెను. మేము మన కూర వండు అలవాటున నూనె కాగీ కాగకమునుపే మాంసమంతయు ఒక్కమాఱుగా మూకుడులో కుమ్మరించి మూతపెట్టితిమి! రెండు నిమిషములకు నీరు ఊరి, ముక్కలు బూడిదరంగున ఉడుకసాగెను. మావాడు తొంగిచూచి, “ఇది కూర, వేపుడు కాదు” అనెను. కారణము సులభమే. నీరున్నంతసేపు మూకుడు 100 డిగ్రీలు దాటదు. మాంసము పైన ఎఱ్ఱబాఱి కమ్మని వాసన వచ్చుటకు 140 డిగ్రీల పైమాట కావలెను. బండివాని పొయ్యి మన వంటగ్యాసు పొయ్యికంటె ఎన్నోరెట్లు బలమైనది. వాడెంత కుమ్మరించినను వాని మూకుడు చల్లబడదు. మన మూకుడు చల్లబడును. కావున బండివాని మంట మనకు లేదు గనుక, మన గుప్పెడు చిన్నది కావలెను.

రెండవ వాయి ఆపా వేసెను. పైటకొంగు బొడ్డున దోపుకొని, కిటికీ తెఱచి, ఉత్త ఇనుప మూకుడును పెద్దమంటమీద పొగవచ్చువఱకు కాచి, రెండు పెద్దచెంచాల పల్లినూనె అంచువెంట త్రిప్పి పోసెను. మాంసములో సగమే వేసి, పఱచి, ఒక నిమిషము కదుపకుండ విడిచెను. మా చేయి గరిటెకు పోవుచుండగా పట్టి ఆపెను. అడుగు ఎఱ్ఱబాఱిన పిమ్మట తిరుగవేసి, లోపల పచ్చిదనము పోవువఱకు మఱొక నిమిషము వేపి తీసెను. తక్కిన సగమును అట్లే. మూకుడు తుడిచి మరల నూనెపోసి, క్యారట్టును బీన్సును ముందుగా, క్యాప్సికమును క్యాబేజీని తరువాతను, మొత్తము మూడు నిమిషములు. అల్లము వెల్లుల్లి సన్నని ముక్కలు ఇప్పుడు వేసెను. మొదటనే వేసినచో ఆ మంటకు మాడి చేదగును. మాంసము మరల చేర్చి, అడుగున దిగిన పిండి కలియునట్లు గిన్నెను కలియబెట్టి, రసమును అంచువెంట జాఱవిడిచెను. అర నిమిషములో చిక్కబడి మెఱసినది. ఉల్లికాడలు చల్లి దించెను.

అజినోమోటో మాటేమని మీరడుగుదురు. అది టోక్యోలో 1908లో ఇకెడా అను శాస్త్రజ్ఞుడు సముద్రపు నాచునుండి వేఱుచేసిన రుచిలవణము. దానిని గూర్చిన భయము 1968లో అమెరికా వైద్యపత్రికలో అచ్చయిన ఒక లేఖతో పుట్టి ప్రపంచమంతయు ప్రాకినది. సామాన్య పరిమాణమున హాని చేయునని తరువాతి పరిశోధనలు నిరూపింపలేదు. మేము వేయలేదు, కొఱత తోచలేదు. భయపడవలసినది వేఱు రెంటికి: దినములతరబడి కాచిన నల్లనూనెకు, ఎఱ్ఱరంగునకు. ఆ రంగు మూలముననే కర్ణాటక ప్రభుత్వము 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమవర్ణములను నిషేధించెను.

మావాడు నాలుగు ముక్కలు తిని మాటాడలేదు. మహాభారతమున దమయంతి, బాహుకుడు వండిన మాంసమును చెలికత్తెచే తెప్పించి రుచిచూచి, వాడు నలుడే యని గుర్తించినదని చిన్నతనమున తండ్రిగారివద్ద చదివితిమి. మేము ఆపా వంటను రుచిచూడలేదు గనుక మావాని ముఖమునే చూచుచుంటిమి. వాడు కంచము ఖాళీచేసి, “బండిది ఇంతకంటె ఉప్పగా ఉంటుంది” అని చెప్పి మఱికొంచెము పెట్టించుకొనెను.

ఆ సాయంకాలమే వాడు తండ్రికి తానే చెప్పెను. మేము ప్రేరేపింపలేదు. మావారు చాలసేపు ఊరకుండి, “కడుపు పాడైంది మాంసంతోనా, నూనెతోనా?” అని మాత్రమడిగిరి. తరువాత రెండు దినములు తండ్రికొడుకులకు సరిగా మాటలు లేవు. మూడవ నాడు మేము మేకమాంసముతో ఇదే పద్ధతిని మా పొయ్యిమీద వేపితిమి. లేతమేక తొడకండ, అరచెంచా బొప్పాయి, ఇరువది నిమిషములు చాలును. మిరియాలగూడెమునుండి మా పుట్టింటివారు పంపిన సన్నబియ్యపు అన్నము ఉదయముది మిగిలియుండగా, దానిని పొడిగా విడదీసి అదే మూకుడులో వేపితిమి. చల్లారిన అన్నమైనందున మెతుకు మెతుకునకు అంటలేదు. తండ్రియు కొడుకును ఒకే పీటవరుసను కూర్చుండి తినిరి. అత్తగారు వాసనకు లేచివచ్చి, “కూరగాయలవి నాకు వేఱే గిన్నెల చేయరాదా” అనిరి. ఆమెకు వెల్లుల్లి మాని, పనీరు ముక్కలు వేసి చేసి పెట్టితిమి.

వాడు కోదాడకు పోయినాడు. వసతిగృహమున పొయ్యి పెట్టనీయరు. బండికి పోవుట మానినాడని చెప్పలేము; వారమున కొకమాఱేనని వాడు చెప్పుచున్నాడు. శనివారము ఇంటికి వచ్చునపుడు ఏమి తిన్నదియు అడుగకయే చెప్పుచున్నాడు.

మూకుడును గూర్చి యొక మాట మిగిలినది. ఇనుపదానిని సబ్బుతో తోమరాదు. వేడి నీళ్లతో కొబ్బరిపీచు పెట్టి కడిగి, పొయ్యిమీద ఆరబెట్టి, చుక్క నూనె రాచి బోర్లించవలెను. మా పొయ్యిమీద వాడిన మూకుడు ఆపా తన క్రొత్తదానిని బజారునుండి తెచ్చి, ముట్టని పాత్రయని చెప్పి ఇచ్చినది. వెల యెంతయని రెండుమార్లడిగితిమి, ఇంకను చెప్పలేదు.