ఎముకల మందు గుండెకు చేటా?

ఎముకలు గుల్లబారాయని డాక్టర్ రాసిన మందును, ‘గుండెకు మంచిది కాదట’ అని ఎవరో అన్నారని మధ్యలో ఆపేసేవాళ్లున్నారు. రేపు కాలుజారి తుంటి విరిగితే మంచాన పడతామన్న సంగతి అప్పుడు తోచదు.

అపోహ: ఏడాదికోసారి నరానికి ఎక్కించే మందుతో గుండె లయ తప్పుతుంది.

వాస్తవం: ఈ భయం ఊరికే పుట్టలేదు. 2007లో వెలువడిన ‘హొరైజన్’ అధ్యయనంలో జొలెడ్రోనిక్ యాసిడ్ తీసుకున్న సుమారు 3,900 మంది మహిళల్లో 50 మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ తీవ్రంగా వచ్చింది. అంటే గుండె పై గదులు అడ్డదిడ్డంగా కొట్టుకోవడం. మందులేని సెలైన్ ఎక్కించిన దాదాపు అంతేమందిలో 20 మందికే వచ్చింది. తేడా ఉన్నమాట నిజం. కానీ అదే అధ్యయనంలో తుంటి విరగడం 41 శాతం, వెన్నుపూసలు విరగడం 70 శాతం తగ్గాయి. అప్పటికే తుంటి విరిగినవాళ్లకు ఇదే మందిచ్చి చూస్తే లయ సమస్య పెరగలేదు సరికదా, మరణాలు 28 శాతం తగ్గాయి. 2008లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ కోవ మందుల పరీక్షలన్నీ తిరగేసి, స్పష్టమైన సంబంధం కనిపించలేదని, వాడుతున్నవాళ్లు మానొద్దని చెప్పింది. ముందే గుండె దడ ఉన్నవాళ్లు ఆ మాట డాక్టర్‌కు చెప్పి తీసుకుంటే చాలు.

అపోహ: వారం మాత్ర వేసుకున్నాక ఛాతీలో మంట వస్తే గుండె దెబ్బతిన్నట్టే.

వాస్తవం: అలెండ్రొనేట్ మాత్ర అన్నవాహికలో ఆగితే అక్కడ పుండు చేస్తుంది. ఆ మంట చాలాసార్లు దానివల్లే. పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్లతో మింగాలి. తర్వాత కనీసం అరగంట నడుం వాల్చకూడదు, కాఫీ కూడా తాగకూడదు. మంట తగ్గకపోతే తర్వాతి మాత్ర వేసుకోకుండా డాక్టర్‌ను అడగండి. నొప్పి ఎడమచేతికో దవడకో పాకి చెమటలు పడితే మాత్రం ఆలోచించకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

అపోహ: డాక్టర్ రాశారంటే ఏ ఎముకల మందైనా గుండెకు భయం లేదు.

వాస్తవం: ఈ ధీమా కూడా ప్రమాదమే. నెలకోసారి చొప్పున ఏడాదిపాటు ఇచ్చే రొమోసోజుమాబ్ ఇంజెక్షన్‌ను అలెండ్రొనేట్‌తో పోల్చినప్పుడు, మొదటి ఏడాదిలో తీవ్రమైన గుండె, రక్తనాళాల సమస్యలు 2.5 శాతం మందికి వచ్చాయి. అలెండ్రొనేట్ వాడినవాళ్లలో అవి 1.9 శాతం. మరో పెద్ద అధ్యయనంలో ఈ తేడా కనిపించలేదు. అయినా 2019లో అమెరికాలో గట్టి హెచ్చరికతోనే అనుమతించారు. గడిచిన ఏడాదిలో గుండెపోటుగానీ పక్షవాతంగానీ వచ్చినవాళ్లకు దీన్ని మొదలుపెట్టకూడదు. ఎముకలకే వాడే మరో మందు రాలోక్సిఫీన్‌తో కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ముప్పుంది.

కాబట్టి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు గుండె మందుల చీటీ, పాత ఈసీజీ కూడా పట్టుకెళ్లండి. గుండెపోటు, పక్షవాతం ఎప్పుడు వచ్చాయో ఆయన అడగకపోయినా మీరే చెప్పండి. ఎముకల కోసం ఆర్నెల్లకోసారి తీసుకునే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌ను మాత్రం గుండె భయంతో సొంతంగా ఆపొద్దు. ఆపితే వెన్నుపూసలు ఒకటి తర్వాత ఒకటి విరిగే ప్రమాదం ఉంది.