పెట్రోలులోకి చెరకు, మొక్కజొన్న: లాభమెవరికి, భారమెవరికి?

న్యూఢిల్లీ: దేశ అవసరాలకు కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్న భారతదేశం, పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2025లో చేరుకుంది. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం ఇందుకు 2030 వరకు గడువిచ్చింది. లక్ష్యం ముందుగానే నెరవేరినా, దాని మూల్యాన్ని ఎవరు చెల్లించాలన్న వివాదం మాత్రం సమసిపోలేదు.

ఇథనాల్ మిశ్రమం 2003లో 9 రాష్ట్రాలలో 5 శాతంతో మొదలైంది. అదే కాలంలో జట్రోఫా, అంటే అడవి ఆముదం గింజల నుంచి డీజిలు తీయాలన్న పథకం ఆర్భాటంగా ముందుకు వచ్చినా, ఆశించిన దిగుబడులు రాక నీరుగారిపోయింది. ఇథనాల్ నిలదొక్కుకోవడానికి కారణం చక్కెర మిల్లులు. మిగులు చక్కెర నిల్వలతో, చెరకు రైతుల బకాయిలతో సతమతమవుతున్న మిల్లులకు చమురు కంపెనీల రూపంలో ఖాయమైన కొనుగోలుదారు లభించాడు. 2014-15 నుంచి లక్షా 40 వేల కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకద్రవ్యం ఆదా అయిందని కేంద్రం చెబుతోంది.

అయితే వాన తగ్గితే లెక్క తారుమారవుతుంది. చక్కెర ఉత్పత్తి తగ్గవచ్చన్న భయంతో 2023 డిసెంబరులో చెరకు రసం నుంచి ఇథనాల్ తయారీపై కేంద్రం ఆంక్షలు విధించింది. వాటిని మరుసటి ఏడాది ఆగస్టులో సడలించింది. ఈలోగా మొక్కజొన్నతో తయారైన ఇథనాల్‌కు లీటరుకు 71.86 రూపాయల ధర లభించడంతో డిస్టిలరీలు అటు మళ్లాయి. రైతుకు గిరాకీ పెరిగింది, కోళ్ల దాణా ప్రియమైంది. ఒకప్పుడు మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం 2024లో మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి దిగుమతి చేసుకోవలసి రావడం గమనార్హం. కోళ్ల పరిశ్రమకు నెలవైన తెలుగు రాష్ట్రాలకు ఈ సెగ తగిలింది.

నీరు, కాలుష్యం మరో సమస్య. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ వద్ద ఇథనాల్ కర్మాగారాన్ని వ్యతిరేకిస్తూ గ్రామస్థులు రహదారిని దిగ్బంధించగా, పనులను నిలిపివేయక తప్పలేదు.

వాహనదారుల ఫిర్యాదు వేరు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. పాత కార్లలో మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. ఈ విధానంపై దాఖలైన పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

తిండిగింజల జోలికి పోకుండా ఇంధనం తీసే మార్గం లేకపోలేదు. 2022 ఆగస్టులో పానిపట్‌లో వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే ఇండియన్ ఆయిల్ కర్మాగారం ప్రారంభమైంది. గడ్డిని పొలాల నుంచి సేకరించి చేర్చడం ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు దిగివచ్చే వరకు చమురు దిగుమతుల భారం కొంత తగ్గినా, అందులో ఒక భాగం పొలాల మీద, భూగర్భ జలాల మీద పడక తప్పదు.