ఎరువు చెరువుపాలు కాకుండా

తొలకరికి ముందు రైతులు పొలాలకు పశువుల ఎరువు తోలుతారు. దాన్ని చల్లి దున్నేలోపే భారీ వాన పడితే అందులోని నత్రజని, భాస్వరం నీటితో కొట్టుకుపోయి చెరువులో చేరతాయి. అక్కడ నాచు విపరీతంగా పెరుగుతుంది. అది కుళ్లేటప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలు చనిపోతాయి.

తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదన్నది భారతీయ ప్రమాణం. మించితే పసిపిల్లల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గవచ్చు. నీటిని మరిగించినా నైట్రేట్ పోదు. గాఢత ఇంకా పెరుగుతుంది.

అందుకే వాన సూచన లేని రోజు చూసి ఎరువు చల్లాలి, వెంటనే కలియదున్నాలి. కాలువ గట్టు వెంట గడ్డి పెంచాలి. ఎరువు నీరు పారడం మొదలైతే ముందు మట్టికట్ట వేసి ఆపాలి. దిగువ వారికి తెలియజేయాలి. పరీక్ష చేయించేవరకు ఆ నీరు తాగకూడదు.