పేకముక్క లాంటి జంట ఇల్లు

గ్లాస్గోలో మా అమ్మాయి వాళ్లుండేది సెమీ డిటాచ్డ్ ఇంట్లో. అంటే రెండిళ్లు, మధ్యలో ఒకటే గోడ. ఇటు మనం, అటు వాళ్లు. దిగిన మొదటి రాత్రే గోడవతల ఎవరో దగ్గడం వినిపించింది. నాకు మా ఊరు గుర్తొచ్చింది.

మాది మండువా ఇల్లు. నాన్న పోయాక నేనూ, తమ్ముడూ రెండు వాటాలు చేసుకుని నట్టనడుమ గోడ లేపాం. తూర్పు వాకిలి వాడికెళ్లింది, నాకు పెరటి గుమ్మమే సింహద్వారం అయింది. ఆ తర్వాత చూరు నీళ్లు ఎవరి వైపు పడాలన్న దగ్గర మొదలై, మాటలు పండగలకి మాత్రమే మిగిలాయి. అందుకే ఉమ్మడి గోడంటే నాకు కాస్త ఒళ్లు మంట.

అది విని మా అల్లుడు నవ్వి, "మీకో ఇల్లు చూపించాలి మామయ్యా" అంటూ లాంగ్‌సైడ్ తీసుకెళ్లాడు. మాన్షన్‌హౌస్ రోడ్‌లో లేత రంగు ఇసుకరాయి భవనం. పైకప్పు వాలు చాలా తక్కువ, చూరు బాగా ముందుకొచ్చి నీడ పరుస్తోంది. ఏదో ఒక పెద్ద షావుకారు ఇల్లనుకున్నా. "రెండిళ్లు" అన్నాడు. రెండో గుమ్మం కోసం ఎంత వెతికినా కనిపించలేదు.

విక్టోరియా రాణి కాలంలో ఊళ్లు ఫ్యాక్టరీ పొగతో నిండిపోతుంటే, నాలుగు డబ్బులు కూడబెట్టుకున్నవాళ్లు ఊరి బయట విల్లా కావాలని ఆశపడ్డారు. పూర్తి విల్లాకి అందరికీ స్తోమత ఎక్కడిది? ఒకే కప్పు కింద రెండిళ్లు కట్టి, బయటికి ఒకే పెద్ద బంగళాలా చూపించడం మేస్త్రీలు వాడుకున్న ఉపాయం. గోడ ఒకటి కలిసొస్తుంది, స్థలం మిగులుతుంది, దర్జాకీ లోటుండదు. దానికి తోడు 1845లో గాజు మీద, 1851లో కిటికీల మీద పన్నులు ఎత్తేశారు. దాంతో ముందుకి పొడుచుకొచ్చే పెద్ద పెద్ద కిటికీలు వీధి వీధికీ వచ్చేశాయి.

అయితే మామూలు జంట విల్లా అద్దంలో బింబంలా ఉంటుంది. ఎడమ సగం ఎలాగో కుడి సగం అలాగే, తిరగేసి. ఇద్దరిలో ఒకరు తలుపు మార్చినా, రంగు మార్చినా మోసం బయటపడిపోతుంది. ఒక పక్కే గొరిగిన మీసంలా ఉంటుంది మరి!

లాంగ్‌సైడ్ ఇల్లు కట్టిన అలెగ్జాండర్ థామ్సన్ ఆ దారిన పోలేదు. 1856-57లో ఆయన చేసింది అర్థం కావాలంటే పేకముక్కల్లో రాజుని తీసి చూడండి. పైనొక తల, కింద ఇంకో తల. ముక్కని ఎటు తిప్పినా అదే బొమ్మ. ఇక్కడా అంతే. రెండిళ్ల ప్లానూ ఒక్కటే, కాకపోతే ఒకదాన్ని అర్ధచక్రం తిప్పి రెండోదానికి అతికించాడు. ఒకటి రోడ్డు వైపు చూస్తే ఇంకోటి సరిగ్గా దానికి ఎదురు దిక్కు చూస్తుంది. రోడ్డు మీంచి మనకి కనపడేది ఒకరి ముంగిలీ, దాని పక్కనే రెండోవారి ఇంటి వెనక భాగమూ! అవతలి వైపు నిలబడినా అచ్చం ఇదే దృశ్యం. ఇద్దరికీ పెద్ద ఇంటి మొహమే దక్కింది.

ఇందులో చిక్కేమిటంటే, ఒకరి పెరటి వైపు పక్కవారి ముంగిలి పక్కన పడుతుంది కాబట్టి దాన్ని కూడా ముంగిలంత శ్రద్ధగా చెక్కాలి. మనం పెరటి గోడకి సున్నం కూడా వెయ్యం! ఆయన మాత్రం ఎక్కడా వెనక భాగం అనిపించకుండా కట్టాడు. కిటికీల దగ్గర ఇంకో తమాషా. రాతి స్తంభాల వరుస ముందుంటుంది, అద్దాలు స్తంభాల మధ్య ఇరుక్కోకుండా వాటి వెనక చెక్క చట్రంలో విడిగా ఉంటాయి. దూరం నుంచి చూస్తే గ్రీకు గుడి వసారాలా అనిపిస్తుంది. అందుకే ఆయనకి 'గ్రీక్' థామ్సన్ అని పేరు. చెప్పొద్దూ, ఆయన గ్రీసు మొహం ఎన్నడూ చూడలేదట!

ఆయన కథ నాకు మరీ నచ్చింది. 1847లో ఆయనా, జాన్ బైర్డ్ అనే ఇంకో ఆర్కిటెక్టూ అక్కచెల్లెళ్లని ఒకే రోజు పెళ్లాడారు. తోడల్లుళ్లిద్దరూ కలిసి కొన్నేళ్లు ఆఫీసు నడిపారు. సరిగ్గా ఈ జంట విల్లా నాటికి విడిపోయి, థామ్సన్ సొంత తమ్ముడు జార్జ్‌తో కొత్తది పెట్టాడు.

అవతలి వైపు చూడాలని మహా కోరికగా ఉన్నా, మనుషులు కాపురముంటున్న ఇల్లు, తోసుకెళ్లడం మర్యాద కాదు. 1868లో అచ్చయిన విల్లాల పుస్తకంలో దీని ప్లానుంది. అల్లుడు ఫోన్లో అది చూపిస్తే, అక్కడే కాలిబాట మీద నిలబడి మా మండువాని బుర్రలో అటూ ఇటూ తిప్పి చూసుకున్నా. తమ్ముడి వాటా తూర్పుకి, నాది పడమటికి, రెండూ ముంగిళ్లే. గోడ లేపేముందు మాకెవరైనా ఈ ముక్క చెప్పి ఉంటేనా!

ఆ రాత్రి ఫొటో, ప్లానూ తమ్ముడికి వాట్సాప్ చేశాను. సంక్రాంతి తర్వాత వాడికి నేను పంపిన మొదటి మెసేజ్ అదే. గంట తర్వాత జవాబొచ్చింది.

"ఇల్లు బానే ఉంది అన్నయ్యా. చూరు నీళ్లు ఎటు పోతాయి?"

మర్నాడు పొద్దున్నే మళ్లీ లాంగ్‌సైడ్ వెళ్లాను. అదృష్టం కొద్దీ వాన పడుతోంది.