అండం విడుదలకి మందులు: మెదడుకి చెప్పే చిన్న అబద్ధం

గాండ్లపెంట, కదిరి పక్క ఊళ్లలో పెళ్లయి రెండేళ్లయినా పిల్లలు లేకపోతే పెద్దవాళ్లు "తిమ్మమ్మ మర్రిమానుకి పోయి మొక్కుకోని రాండి" అంటారు. అక్కడ మొక్కుకుంటే ఏడాదిలోగా సంతానం కలుగుతుందని నమ్మకం. మొక్కుకోవడంలో తప్పేం లేదు. కానీ ఆ తర్వాత డాక్టర్ చీటీలో రాసే మాత్ర ఏం చేస్తుందో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ పేరు గూగుల్ చేసి అక్కకో వదినకో చెప్పాల్సింది మనమే కాబట్టి, తెలుసుకుందాం.

మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పంపిస్తుంది. దాంతో అండాశయంలో అండం ఉన్న చిన్న సంచి, అంటే ఫాలికిల్, పెరుగుతుంది. పెరిగేకొద్దీ అది ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది. ఈస్ట్రోజన్ పెరిగిందని తెలియగానే మెదడు ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గించేస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఇదొక ఫీడ్‌బ్యాక్ లూప్. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఈ లూప్ గాడి తప్పి, ఫాలికిల్ సగంలో ఆగిపోతుంది, అండం విడుదల కాదు.

మందు ఇక్కడే పనిచేస్తుంది. 1967లో అమెరికాలో అనుమతి పొందిన క్లోమిఫీన్, ఈస్ట్రోజన్ వెళ్లి కూర్చోవాల్సిన చోట తానే కూర్చుంటుంది. లెట్రోజోల్ అయితే ఈస్ట్రోజన్ తయారీనే కొన్నాళ్లు తగ్గిస్తుంది. రెండు దారుల్లోనూ మెదడు "ఈస్ట్రోజన్ చాల్లేదు" అనుకుని ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువ పంపిస్తుంది. మామూలుగా నెలసరి మొదలైన 2 నుంచి 5వ రోజు మధ్యలో మొదలుపెట్టి 5 రోజులు వాడతారు.

లెట్రోజోల్ అని గూగుల్ చేస్తే ముందు వచ్చేది "రొమ్ము క్యాన్సర్ మందు" అని. అది చూసి భయపడి మాత్రలు పక్కన పడేసేవాళ్లు ఉంటారు. అది మొదట ఆ జబ్బుకి వచ్చిన మాట నిజమే. 2005లో ఒక చిన్న అధ్యయనం, ఈ మందు వల్ల పుట్టే పిల్లల్లో లోపాలు రావచ్చని అనుమానం లేపింది. 2006లో కెనడాలో 911 మంది శిశువుల మీద చేసిన అధ్యయనంలో, క్లోమిఫీన్ వాడినవాళ్ల పిల్లలకంటే లెట్రోజోల్ వాడినవాళ్ల పిల్లల్లో లోపాలు ఎక్కువగా కనపడలేదు. అయినా 2011 అక్టోబర్‌లో మన ప్రభుత్వం సంతానలేమికి దీన్ని వాడకూడదని నిషేధించింది. 2014లో అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది మీద ఈ రెండు మందులనీ పోల్చి చూశారు. లెట్రోజోల్ వాడినవాళ్లలో 27.5 శాతం మందికి, క్లోమిఫీన్ వాడినవాళ్లలో 19.1 శాతం మందికి బిడ్డ పుట్టింది. 2017లో మన దగ్గర నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు పీసీఓఎస్ వల్ల అండం విడుదల కానివాళ్లకి ముందుగా ఇచ్చే మందు ఇదే.

అలాగని మెడికల్ షాప్‌కి వెళ్లి పాత చీటీ చూపించి తెచ్చుకునే మాత్ర కాదు ఇది. ఒకేసారి రెండు మూడు అండాలు విడుదలైతే కవలలు పుట్టే అవకాశం ఉంది. క్లోమిఫీన్‌తో వచ్చే గర్భాల్లో నూటికి 5 నుంచి 10 దాకా కవలలే. అందుకే ఫాలికిల్ ఎంత పెరిగిందో స్కాన్‌లో చూస్తారు. అది 18, 20 మిల్లీమీటర్లకి వచ్చిందంటే అండం విడుదలకి దగ్గర పడినట్టే. స్కాన్ కోసం పల్లె నుంచి టౌన్‌కి బస్సెక్కి, కూలి పోగొట్టుకుని తిరగడం కష్టమే. కానీ స్కాన్ లేకుండా నెలల తరబడి మాత్రలు మింగితే అవి పనిచేస్తున్నాయో లేదో కూడా తెలీదు.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇంకోటి ఉంది. ఈ మందు చేసే పని ఒక్కటే, అండం విడుదల చేయించడం. గర్భనాళాలు మూసుకుపోయి ఉంటే వాటిని తెరవలేదు. భర్త వీర్యకణాల్లో లోపం ఉంటే దాన్ని సరిచేయలేదు. పిల్లలు లేని ఆడమనిషిని "గొడ్రాలు" అంటారు, మగవాడికి అలాంటి మాట మన ఊళ్లలో వినపడదు. ఆ మాట వల్లే పరీక్షలన్నీ ఆమెకే మొదలవుతాయి, మాత్రలూ ఆమే మింగుతుంది. నిజానికి వీర్య పరీక్షకి కోత లేదు, నొప్పి లేదు, ఖర్చూ తక్కువే. ఏడాది ప్రయత్నించినా, భార్య వయసు 35 దాటితే ఆరు నెలలు ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి డాక్టర్‌ని కలవాలి.

రేపు మీ అక్క ఫోన్ చేసి "ఈ మాత్ర మంచిదేనా రా?" అని అడిగితే, మందు గురించి చెప్పేముందు ఒక్క మాట అడగండి: "బావ టెస్ట్ చేయించుకున్నాడా అక్కా?"